ముసలోళ్ల ఇంగ్లీషు

ఈ మధ్య తల్లిదండ్రులు నన్ను గ్రామర్ గురించి అడగడం మానేశారు. "సార్, మావోడు పొద్దస్తమానం సిక్స్ సెవెన్, సిక్స్ సెవెన్ అంటుండు. అంటే ఏంది?" ఇదీ ఇప్పటి ప్రశ్న. నల్లగొండలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పి బతికేవాణ్ని కాబట్టి నాకు తెలిసే ఉంటుందని వాళ్ల నమ్మకం. దానికి అర్థం లేదండీ, లేకపోవడమే దాని సరదా అంటే ఆ తండ్రి మొహం చూడాలి. డిక్షనరీ డాట్ కామ్ వాళ్లు 2025 సంవత్సరపు మాటగా దాన్నే ఎంచుకున్నారని చెప్పినా నమ్మరు. ఫీజులు కట్టేది దీనికా అన్నట్టు చూస్తారు.

నేనేమంటానంటే, వదిలేయండి. మీరు పట్టించుకున్న రోజు నుంచి దాని ఆయుష్షు తగ్గుతుంది. పిల్లల స్లాంగ్ పెద్దవాళ్ల నోట పడిందంటే పిల్లలు దాన్ని అక్కడే పారేసి ఇంకోటి పట్టుకుంటారు. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2023లో 'రిజ్'ను ఏటి మాటగా ప్రకటించారు. కరిష్మా అనే మాట నడుమ తుంచి చేసుకున్న ముక్క అది, ఎదుటివాళ్లను మాటలతో పడేసే నేర్పు అని అర్థం. 2024లో 'బ్రెయిన్ రాట్' అన్నారు, పనికిరాని ఆన్‌లైన్ సరుకు చూసి చూసి బుర్ర పాడవడం. అదేమో కొత్తదే కాదు, అమెరికా రచయిత థోరో 1854లోనే రాసిపెట్టాడు. 2025లో 'రేజ్ బెయిట్', కావాలని జనానికి కోపం తెప్పించే పోస్టు. ఇదీ అని స్థిరమైన అర్థం లేని 'స్కిబిడి' కూడా కేంబ్రిడ్జ్ డిక్షనరీకి ఎక్కింది. రిజ్ ఇప్పటికే మా ఫస్టియర్ పిల్లలకు పాతబడింది. మూడేళ్ల కింద కొన్న ఫోన్‌లా దాన్ని చూసి నవ్వుతారు.

కాబట్టి ఏడో తరగతి పిల్లల గురించి నాకు బెంగ లేదు. నా బెంగంతా ఇరవై, ఇరవై రెండేళ్ల వాళ్ల గురించి. పాస్‌పోర్ట్ చేతికొచ్చి, కన్సల్టెన్సీ చుట్టూ తిరుగుతూ, రాత్రి పూట రీల్స్ చూసి 'నో క్యాప్' (అబద్ధం కాదు), 'స్లే' (అదరగొట్టడం), 'రిజ్' అని నోట్‌బుక్‌లో రాసుకునేవాళ్లు. అలా మాట్లాడితే అక్కడివాళ్లలో కలిసిపోవచ్చని ఎవరో చెప్పి ఉంటారు. నేను వాళ్లతో పోట్లాడేది ఇక్కడే. అక్కడ మీకు జీతం ఇచ్చేది, ఇల్లు అద్దెకిచ్చేది, మందు రాసేది, బస్సు నడిపేది పదహారేళ్ల పిల్లలు కాదు. యాభై, అరవై, ఎనభై ఏళ్లవాళ్లు. వాళ్ల స్లాంగ్ ఏ రీల్‌లోనూ దొరకదు. నేర్చుకుంటే అది నేర్చుకోవాలి. అదీ మాట్లాడటానికి కాదు, వినడానికి.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. మా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఇప్పుడు ఇంగ్లండ్ ఉత్తరాన, యార్క్‌షైర్‌లో, ముసలివాళ్లను చూసుకునే కేర్ హోమ్‌లో పనిచేస్తోంది. దేవరకొండ దగ్గరి పల్లె పిల్ల. ఇక్కడ ఇంగ్లీషులో మంచి మార్కులు తెచ్చుకుంది, పరీక్షలు గట్టెక్కింది. కొత్తలో రాత్రిళ్లు నాకు వాయిస్ మెసేజ్‌లు పెట్టేది. ఒకరోజు ఒక పెద్దామె "ఐ నీడ్ టు స్పెండ్ ఎ పెన్నీ, లవ్" అందట. ఈ పిల్ల గబగబా వెళ్లి ఆమె పర్సు తెచ్చిచ్చింది. ఆమె మళ్లీ అదే మాట. ఈ పిల్ల పర్సు తెరిచి చూపించింది. పక్క మంచం మీది ఇంకో ముసలామె పగలబడి నవ్వి, బాత్రూం వైపు వేలు చూపిస్తే గానీ సంగతి తెలియలేదు. బ్రిటన్‌లో ఒకప్పుడు పబ్లిక్ టాయిలెట్ తలుపు తెరుచుకోవాలంటే దానికున్న చీలికలో పెన్నీ నాణెం వేయాల్సి వచ్చేది. ఆ పాతకాలపు పెన్నీలు పోయాయి, ఆ తలుపులు పోయాయి, మాట మాత్రం ఆ తరం నోట్లో ఉండిపోయింది.

అది విని నేనూ నవ్వాను గానీ, వెంటనే మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆమె జీవితంలో ఎన్నడూ ఆ పనిని దాని పేరుతో పిలవలేదు. "చెంబట్క పొయ్యస్త" అనేది. ఇంట్లో టాయిలెట్ కట్టించి, నల్లా పెట్టించి, చెంబుతో పనే లేకుండా పోయాక కూడా అదే మాట. యార్క్‌షైర్ అమ్మాయి ఎవరైనా వచ్చి మా నాయనమ్మను చూసుకుని ఉంటే, తప్పకుండా ఇత్తడి చెంబు తోమి తెచ్చి చేతికిచ్చేది.

ఆ పిల్ల పంపిన మెసేజ్‌లలో ఇలాంటివి చాలా ఉన్నాయి. ఒక తాత "వాట్స్ ఫర్ టీ?" అంటే కప్పులో చాయ్ పోసిచ్చింది. ఇంగ్లండ్ ఉత్తరాన చాలామందికి టీ అంటే సాయంత్రం భోజనం, డిన్నర్ అంటే మధ్యాహ్నం భోజనం. ఆయన అడిగింది మాపటీలి బువ్వ. ఇంకొకాయన "ఐ హావ్ హ్యాడ్ నౌట్" అన్నాడు. నౌట్ అంటే అక్కడ ఏమీ లేదని. అంటే పొద్దట్నుంచి ఏమీ తినలేదని మొత్తుకుంటున్నాడు. ఇంకొకామె "ఐయామ్ ఫీలింగ్ పూర్లీ" అంటే ఈ పిల్లకు 'పూర్' మాత్రమే వినబడి, పాపం డబ్బుల్లేక బాధపడుతోందనుకుని ఓదార్చింది. పూర్లీ అంటే ఒంట్లో బాగాలేకపోవడం. మన "పానం మంచిగ లేదు" అన్నట్టే. వినడంలో పొరపాటైతే అక్కడ నవ్వులాటతో పోదు. జ్వరం చూడాల్సిన మనిషికి ఓదార్పు దక్కుతుంది, అంతే.

మొదటిసారి ఒక తాత తనను 'లవ్' అన్నప్పుడు ఆ పిల్ల వణికిపోయి ఇంటికి ఫోన్ చేసింది. యార్క్‌షైర్‌లో అది మన 'బిడ్డా' అన్నంత మామూలు. న్యూకాజిల్ పోతే 'పెట్' అంటారు, నాటింగ్‌హామ్ వైపు 'డక్', గ్లాస్గోలో ఆడవాళ్లను 'హెన్'. బాతూ కోడిపెట్టా అని పిలిస్తే మర్యాద ఏముంది అని మా క్లాసులో ఒకడు అడిగాడు. మీ అమ్మ నిన్ను గాడిదకొడకా అని ముద్దు చేయలేదా అన్నాను. కూర్చున్నాడు.

మరి వీటిలో ఒక్కటైనా మన కోచింగ్ సెంటర్లలో చెబుతారా? చెప్పరు. ఒకవైపు జిరాక్స్ తీసిన ఇడియమ్స్ జాబితా. అందులో కుక్కలూ పిల్లులూ కురిసే వాన తప్పకుండా ఉంటుంది. ఇవాళ ఇంగ్లీషువాళ్లు పెద్దగా అనని మాట అది. స్కాట్లండ్‌లో ముసురుపట్టి చలిచలిగా ఉన్న రోజును 'డ్రీక్' అంటారు. మన పిల్లలు అక్కడికి పోయి ఏళ్ల తరబడి బతికేది ఆ డ్రీక్‌లోనే, కానీ ఆ మాట ఏ జాబితాలోనూ ఉండదు. ఇంకోవైపు రీల్స్‌లో 'నేటివ్‌లా మాట్లాడండి' అనే గొంతులు. నేటివ్ అంటే ఏ ఊరి నేటివ్? ఆ ప్రశ్న ఎవరూ అడగరు, అడిగితే కోర్సు అమ్ముడుపోదు.

ఇంగ్లీషుకు ఒక ఊరు లేదు. మనకు ఇది అందరికంటే ముందు అర్థం కావాలి. మా అమ్మ పుట్టిల్లు కల్వకుర్తి వైపు. నల్లగొండ నుంచి అక్కడికి పోతే మాట వరస మారుతుంది, ఇంకా కిందికి అలంపూర్ పోతే తుంగభద్ర అవతలి కర్నూలు పలుకు వినబడుతుంది, నారాయణపేట పోతే సగం మాటలు కన్నడలో వస్తాయి. ఒక్క పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఇంత. అలాంటిది ఐర్లాండ్ నుంచి ఆస్ట్రేలియా దాకా ఒకటే ఇంగ్లీషు ఉంటుందని ఎలా అనుకుంటాం? 'యు' అంటే ఒకరా, పదిమందా తెలియక ఇంగ్లీషువాళ్లే ఇబ్బంది పడి, ఎవరి ఏర్పాటు వాళ్లు చేసుకున్నారు. అమెరికా దక్షిణాన 'యాల్', పిట్స్‌బర్గ్‌లో 'యింజ్', ఐర్లాండ్, లివర్‌పూల్ వైపు 'యూజ్'. బడిలో వీటిని తప్పంటారు. ఇంట్లో అవి లేకపోతే పని జరగదు. నువ్వు, మీరు అని రెండు మాటలున్న మనకు వాళ్ల అవస్థ చూస్తే జాలేస్తుంది.

అన్నిటికంటే చిక్కు మాట అర్థంలో ఉండదు, అన్న తీరులో ఉంటుంది. అమెరికా దక్షిణాది పెద్దమ్మలు 'బ్లెస్ యువర్ హార్ట్' అంటారు. పైకి దీవెన. కష్టంలో ఉన్నవాళ్లతో అంటే నిజంగా దీవెనే. కానీ మీరు ఏదో తెలివితక్కువ మాట అన్నాక చిన్నగా నవ్వి అన్నారంటే, అది తిట్టు. డల్లాస్‌లో ఉద్యోగం చేసే మా బంధువు ఒకాయన తన మేనేజర్ ఆ మాట అన్నప్పుడల్లా సంతోషపడి ఇంట్లో చెప్పుకునేవాడు. నేను ఆయనకు ఒక్కటే చెప్పాను: "మనూళ్ల ముసలమ్మ 'నీ కడుపు సల్లగుండ' అని ఏ గొంతుతో అన్నదో చూసుకోకుండా కాళ్లు మొక్కుతమా బావా?" తర్వాత ఆ ముచ్చట తేలేదు.

సరే, వినడం వరకు ఒప్పుకుంటాం, మాట్లాడితే తప్పేమిటి అని మీరు అడగవచ్చు. తప్పని నేననను. కానీ స్లాంగ్ అనేది ఇంటిపేరులా పనిచేస్తుంది. నువ్వు ఎవరి మనిషివో చెబుతుంది. రిజ్, క్యాప్, స్లే, అంతకు ముందు కూల్, ఇవన్నీ చాలావరకు అమెరికాలోని నల్లజాతివాళ్ల నోట పుట్టి పెరిగినవి. 1996లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్ స్కూల్ బోర్డు ఆ పిల్లలు ఇంట్లో మాట్లాడే ఇంగ్లీషుకు దాని సొంత పద్ధతి ఉంది, పాఠం చెప్పేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోవాలి అని తీర్మానం చేస్తే దేశమంతా గొడవైంది. టీవీల్లో వెక్కిరించారు. అదే నోటి మాటలు ఇవాళ బట్టల మీద అచ్చేసి అమ్ముతున్నారు. ఆ ఇంగ్లీషు మాట్లాడే నల్ల కుర్రవాడికి ఇంటర్వ్యూలో ఉద్యోగం వస్తుందా అంటే మాత్రం అది వేరే సంగతి.

మనకిది కొత్తగా చెప్పాలా? మొన్నమొన్నటిదాకా సినిమాల్లో మన యాస రౌడీకీ, పనివాడికీ, కామెడీకీ. ఇప్పుడు అదే యాసకు హీరో వేషం దక్కింది, పాట హిట్టవుతోంది, యాడ్‌లు వస్తున్నాయి. సంతోషమే. కానీ ఇక్కడి పిల్లాడు హైదరాబాద్ ఆఫీసులో "గట్లనే చేసిన సార్" అంటే పక్కవాళ్లు ఇంకా నవ్వు ఆపుకుంటూనే ఉన్నారు. మన మాటను అరువు తీసుకుని వాడుకునేవాళ్ల మీద మనకెంత మంటగా ఉంటుందో తెలిసినవాళ్లం, ఇంకొకరి మాటను వాడేముందు కొంచెం ఆగాలి. ఆగడం అంటే భయపడటం కాదు. వాళ్లు పిలిచాక ఇంట్లోకి పోవడం.

నోటికి పనున్న మాట ఎలాగూ ఎవరూ నేర్పకుండానే వస్తుంది. 'బ్రో' చూడండి. దాన్ని తిట్టే వ్యాసాలు చాలా చదివాను, నాకేమో అది ఇష్టం. మన పల్లెల్లో ఎవరినైనా పిలవాలంటే ముందు లెక్క తేలాలి. వయసెంత, వరసేమిటి, అన్ననా, కాకనా, బావనా, ఆ లెక్క అడుగున కులమేమిటి. నల్లగొండ జిల్లాలో దొర ముందు నిలబడి "నీ బాంచెన్" (నీ బానిసను) అనకుండా నోరు తెరవలేని రోజులుండేవి. 1946 నుంచి 1951 దాకా ఇక్కడ నడిచిన తెలంగాణ సాయుధ పోరాటంలో భూమితో పాటు ఆ పిలుపు మీద కూడా కొట్లాడారు. ఇవాళ గడియారం సెంటర్‌లో బండాపి "బ్రో, జర సైడియ్యి" అంటే ఎదుటివాడు ఎవడో ఏమిటో తేల్చుకునే పని లేదు. అన్న అనాలంటే వాడు పెద్దవాడై ఉండాలి, బ్రోకు వయసు లేదు. అది మన అవసరానికి వచ్చింది కాబట్టి నిలిచింది. అలాగే "నీకంత సీన్ లేదు", "లైట్ తీస్కో", "ఓవర్ చేయకు". ఇవన్నీ ఇంగ్లీషు మాటలే, ఇంగ్లీషువాడికి ఒక్కటీ అర్థం కాదు. మన తాతలు కచేరీ ఉర్దూ నుంచి పరేషాన్, బేకార్, దావత్ తెచ్చి ఇంట్లో పెట్టుకున్నట్టే మనం వీటిని పెట్టుకున్నాం. రిజ్‌కు నల్లగొండలో అలాంటి పనేమీ లేదు. ఉంటే అదే వచ్చేది, నోట్‌బుక్‌లో రాసుకోవాల్సిన అవసరం ఉండేది కాదు.

మన ఇంగ్లీషు గురించి కూడా ఒక మాట. 'కో-బ్రదర్' అంటే తోడల్లుడు అని దక్షిణాదిలో అందరికీ తెలుసు, లండన్‌లో ఎవరికీ తెలియదు. నాకు అది ముద్దొచ్చే మాట, వాళ్లకు తోడల్లుడు ఉంటాడు గానీ పిలవడానికి పేరు లేదు. 'ఐయామ్ హియర్ ఓన్లీ' అంటే మన 'ఇక్కడే' లోని ఏ-కారం ఇంగ్లీషు చొక్కా తొడుక్కున్నట్టు. వీటిని తప్పులని కొట్టేయను. కాకపోతే "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022" అని రాసే పిల్లలకు, బయటి దేశంలో అది మూర్ఛపోయాను అని వినబడుతుందని చెబుతాను. మీటింగ్‌లో 'ఐ హావ్ ఎ డౌట్' అంటే ప్రశ్న అడుగుతున్నావని కాకుండా ఎదుటివాడి మాట నమ్మడం లేదని అనుకోవచ్చని చెబుతాను. ఇదీ చెవికి సంబంధించిన సంగతే, అవతలివాడి చెవికి. ఏది శుద్ధం అనే గొడవ నాకు పట్టదు. 1710లో జొనాథన్ స్విఫ్ట్ అంతటి రచయిత, గుంపు అని అర్థమిచ్చే 'మాబ్' అనే పొట్టి మాట భాషను పాడుచేస్తోందని పత్రికలో మొత్తుకున్నాడు. మాబ్ నిక్షేపంగా ఉంది. మన పందికొక్కే బ్యాండికూట్ అయి డిక్షనరీలో కూర్చుంది, 2017లో ఆక్స్‌ఫర్డ్‌వాళ్లు 'అన్న'ను కూడా చేర్చుకున్నారు. తలుపులు అటువైపు తెరిచే ఉన్నాయి. మూసుకునేది మనమే.

చెవితో నేర్చుకోవడం చేతకాదని ఎవరైనా అంటే నాకు మా మేనమామ గుర్తొస్తాడు. పాలమూరు నుంచి బొంబాయి, పూణే పనులకు వలసపోయిన తరం. బడి మొహం చూడలేదు. మరాఠీ మేస్త్రీ ఏ మూడ్‌లో ఉన్నాడో మొదటి మాటకే పసిగట్టేవాడు, కన్నడం లారీ డ్రైవర్ ఎక్కడ దింపుతానన్నాడో తెలిసేది. తను మాత్రం అవసరమైన నాలుగు ముక్కలే మాట్లాడేవాడు. కూలి లెక్క దగ్గర ఎవరూ ఆయన్ని మోసం చేయలేకపోయారు. ముందు చెవి, తర్వాత నోరు. ఏ కోచింగ్ సెంటర్ సిలబస్ కంటే అది నయం.

ఇదే సంగతి ఇప్పుడు మన ఇంటి దగ్గర కూడా కావాలి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఎంబీబీఎస్ సీట్లలో 15 శాతం అఖిల భారత కోటా కాబట్టి వేరే రాష్ట్రాల పిల్లలు కూడా వస్తారు. వాళ్లే కాదు, మన కార్పొరేట్ కాలేజీల్లో చదివి వచ్చిన పిల్లలకు కూడా "కడుపుల దేవినట్టయితున్నది బిడ్డా", "కాళ్లు గుంజుతున్నయ్", "పానం మెత్తగయింది" అంటే అర్థం కాదు. మొన్న ఒక ఆస్పత్రి వరండాలో చూశాను. ముసలమ్మ "అంబటాళ్లకెళ్లి తల తిర్గుతుంది" అంటోంది. కుర్ర డాక్టర్ "ఎన్ని గంటల నుంచి?" అని అడుగుతున్నాడు. ఆమె చెప్పిందే చెబుతోంది, పొద్దున అంబలి తాగే వేళ నుంచి అని. పక్కనే ఊడుస్తున్న ఆయా "తొమ్మిది, పదింటి కాడికెళ్లి సార్" అని అనువదించింది. జీతంలో ఆ పనికి లెక్క లేదు.

ఏటా సెప్టెంబర్ 9న, కాళోజీ పుట్టినరోజున, మా కాలేజీలో తెలంగాణ భాషా దినోత్సవం చేస్తాం. యాస గొప్పతనం మీద ఉపన్యాసాలుంటాయి, దండలుంటాయి. పదో తారీఖు నుంచి మళ్లీ "సరిగ్గా మాట్లాడు" అని పిల్లలను గదమాయిస్తాం. అందుకని ఉపన్యాసం మానేసి నేను క్లాసులో వేరే పని పెట్టుకున్నాను. ఆ కేర్ హోమ్ అమ్మాయి పంపే మాటలను ఒక జాబితాగా రాసి, ఒక్కొక్కటి బోర్డు మీద పెట్టి, మీ ఇంట్లో ముసలోళ్లు దీన్ని ఏమంటారో అడిగి రమ్మంటాను. ఇవి పరీక్షలో రావు కదా సార్ అని మా స్టాఫ్ రూంలో ఒకాయన అంటాడు. రావు. పరీక్షకు వేరే క్లాసు ఉంది.

పోయిన వారం బోర్డు మీద పెట్టింది 'మార్డీ'. ఊరికే అలిగి సణుక్కునే మనిషి. "మూతి ముడుసుకున్నది" అని ఒకరు, "బుంగమూతి" అని ఒకరు తెచ్చారు. తర్వాతది 'జిన్నెల్', రెండిళ్ల గోడల నడుమ ఇరుకు దారి. నల్లగొండ పిల్లలు గల్లీ అన్నారు, మిర్యాలగూడ అబ్బాయి అది గల్లీ కాదు సందు అని వాదనకు దిగాడు. హాస్టల్లో ఉండి చదువుకునే నారాయణపేట అమ్మాయి లేచి, మా ఊళ్లో దాన్ని ఓణి అంటాం అంది. లంగా మీదికి వేసుకునేదా అని వెనక బెంచీ నవ్వింది. కాదు, కన్నడలో ఓణి అంటే వీధే అని ఆ అమ్మాయి పట్టుబట్టింది. గంట కొట్టినా సందు ఎంత వెడల్పుంటే గల్లీ అవుతుందో తేలలేదు, వాళ్లు కారిడార్‌లో కూడా అదే గొడవ పడుతూ క్యాంటీన్ వైపు వెళ్లిపోయారు.